నడుస్తోంది కదా, ఇంకేం?

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు ముగిసింది. శామీర్‌పేట, తుర్కపల్లి, మేడ్చల్ వైపు టీకాలూ మందులూ చేసే చోట్ల యంత్రం ఇరవై ఏళ్ళు పనిచేస్తుంది, దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ పదిహేనేళ్ళు లాగుతుంది, కింద ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్‌కి మాత్రం పదేళ్ళకే ఆయువు తీరుతుంది. ఆ పాత సాఫ్ట్‌వేర్‌ని కొత్త విండోస్ మీదికి ఎక్కించి, మళ్ళీ క్వాలిఫై చేయకుండానే, అంటే సరిగ్గా పనిచేస్తోందని పరీక్షించి కాగితం మీద చూపకుండానే, వాడుకోవచ్చా అన్నది ప్రశ్న. మాట్లాడేది నాణ్యత చూసే ఒక క్యూఏ, కంప్యూటర్లు చూసే ఒక ఐటీ. ఇద్దరూ నేను కల్పించినవాళ్ళే, ఏ కంపెనీ మనుషులూ కారు. వాదనలు మాత్రం కల్పించాల్సిన పని పడలేదు.

ఐటీ: మేడమ్, ముందు ఒక్క సంగతి ఒప్పుకుందాం. మందులో ఏది ఎంతుందో కొలిచే మన హెచ్‌పీఎల్‌సీ యంత్రం సాఫ్ట్‌వేర్‌లో అక్షరం మారలేదు. అదే ఇన్‌స్టాలర్, అదే వెర్షన్. రెండు చోట్లా ఫైలు హ్యాష్ తీసి పక్కపక్కన పెడితే ఒకటే వస్తుంది. పీక్ ఏరియా కట్టే లెక్క అదే, ప్రాసెసర్‌కి అందే ఆదేశాలు అవే. కింద విండోస్ మారింది, అంతే. బోరు మోటారు మార్చినంత మాత్రాన చేనంతా మళ్ళీ దున్నుతామా?

క్యూఏ: దున్నం. కానీ చివరి మడి దాకా నీళ్ళు పారుతున్నాయో లేదో గట్టు మీద నడిచి చూస్తాం. నేనడిగేది ఆ నడకే.

ఐటీ: మీరు నడక అంటున్నది ఐక్యూ, ఓక్యూ, పీక్యూ (ఇన్‌స్టాలేషన్, ఆపరేషన్, పెర్ఫార్మెన్స్ పరీక్షలు) మూడూ మొదట్నించీ చేయడం. ప్రతి స్క్రీనుకీ ప్రింటు, ప్రతి ప్రింటు కిందా చేసినవాడి సంతకం, చూసినవాడి సంతకం. లాగిన్ బటన్ నొక్కితే లాగిన్ అయిందని రాయడానికే నాలుగు పేజీలు. పోనీ నిబంధనే అలా ఉందా అంటే, లేదు. మందుల తయారీలో కంప్యూటర్ల గురించి యూరప్ వాళ్ళు పెట్టిన అనెక్స్ 11 తీయండి, 2011 నాటిది. మొదట్లోనే ఉంది: అప్లికేషన్‌ని వాలిడేట్ చేయాలి, ఐటీ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్‌ని క్వాలిఫై చేయాలి. పరిశ్రమ పాటించే గ్యాంప్ మార్గదర్శకాల లెక్కలో ఆపరేటింగ్ సిస్టమ్ ఒకటో కేటగిరీ, అంటే ఇన్‌ఫ్రాస్ట్రక్చర్. కొత్త విండోస్‌ని నేను క్వాలిఫై చేస్తాను, కాగితాలు మీకిస్తాను. పైన అప్లికేషన్ ఎప్పుడో వాలిడేట్ అయి ఉంది. దాని జోలికి ఎందుకు పోవడం?

క్యూఏ: ఆ గీత కాగితం మీద ముచ్చటగా ఉంటుంది. మేం అప్లికేషన్‌ని వాలిడేట్ చేసిన రోజున అది గాల్లో లేదు, ఒక ఫలానా విండోస్ మీద ఉంది. మా రిపోర్టులో ఆ విండోస్ పేరు, సర్వీస్ ప్యాక్ నంబరు కూడా రాసి ఉన్నాయి. సంతకం పెట్టింది ఆ జంటకి. ఇంకో సంగతి. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2002లో సాఫ్ట్‌వేర్ వాలిడేషన్ సూత్రాలంటూ ఇచ్చిన పత్రంలో ఒక లెక్క ఉంది. 1992 నుంచి 1998 దాకా వాళ్ళు పరిశీలించిన వైద్య పరికరాల రీకాల్స్ 3,140. అందులో సాఫ్ట్‌వేర్ వల్ల జరిగినవి 242. ఆ 242లో 192 ఎలా వచ్చాయి? మొదటిసారి తయారై బయటికొచ్చాక చేసిన మార్పులతో. కొత్తగా రాసేటప్పుడు అందరూ కళ్ళు విప్పుకుని ఉంటారు. చిన్న మార్పే కదా అన్నప్పుడే దెబ్బ తగులుతుంది.

ఐటీ: ఆ లెక్క నేనూ చదివాను. ఆ 192 చోట్లా ముట్టుకున్నది సాఫ్ట్‌వేర్‌నే, మేడమ్. కోడ్ మార్చారు, లోపం పుట్టింది. ఇక్కడ కోడ్ మారలేదంటున్నాను. ఓఎస్ చేసేవాళ్ళు పాత ప్రోగ్రాముల కోసం ఎంత పాకులాడతారో చూడండి. సిమ్‌సిటీ అని ఒక ఆట. తాను వదిలేసిన మెమరీనే మళ్ళీ చదువుకునే బగ్ అందులో ఉండేది. విండోస్ 3.x మీద అది బయటపడలేదు. విండోస్ 95 మీద మాత్రం ఆట కూలిపోతుంది. మైక్రోసాఫ్ట్ ఏం చేసింది? సిమ్‌సిటీ నడుస్తోందేమో కనిపెట్టి, అది నడిచినంతసేపూ వదిలేసిన మెమరీని వెంటనే లాక్కోకుండా ఉండే ఏర్పాటు విండోస్‌లోనే పెట్టింది. జోయెల్ స్పోల్స్కీ రాసిన సంగతి ఇది. ఒక ఆట కోసమే అంత చేసినవాళ్ళు!

క్యూఏ: ఆ కథ నువ్వు నీ పక్షాన చెప్పావు గానీ, నాకు పనికొచ్చింది. పైన అప్లికేషన్ తప్పు చేస్తుంటే కింద విండోస్ కప్పిపుచ్చుతోందన్నమాట. ఆటకి అది మేలే. మరి ల్యాబ్‌లో? 2004 ప్రాంతంలో రాసిన ప్రోగ్రాములు చాలావరకు తమ సెట్టింగులనీ, కాలిబ్రేషన్ ఫైలునీ ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లోనే పెట్టుకునేవి. ఎక్స్‌పీలో అందరికీ అడ్మిన్ హక్కులిచ్చేసేవాళ్ళు కాబట్టి సాగిపోయింది. విస్టా నుంచి మామూలు యూజర్ ఆ ఫోల్డర్‌లో రాయడానికి లేదు. పాత ప్రోగ్రాము రాయబోతే ఏమవుతుంది? ఎర్రర్ రాదు. విండోస్ చడీచప్పుడూ లేకుండా ఆ ఫైలుకి నకలు తీసి, ఆ యూజర్ ఖాతాలో వర్చువల్‌స్టోర్ అనే ఫోల్డర్‌లో పెట్టి, అక్కడ రాయిస్తుంది. ప్రోగ్రాము మాత్రం అసలు ఫైల్లోనే రాశాననుకుంటుంది. పొద్దున షిఫ్టు అనలిస్టు తన ఐడీతో లాగిన్ అయి, ఫలితం లెక్కకట్టే రెస్పాన్స్ ఫ్యాక్టర్ మార్చాడు. మధ్యాహ్నం షిఫ్టు అమ్మాయి తన ఐడీతో తెరిస్తే ఆమెకి కనిపించేది పాత ఫ్యాక్టరే. ఒకటే బ్యాచ్, ఒకటే యంత్రం, రెండు ఫలితాలు. ఎవరూ తప్పు చేయలేదు. పైగా నీ బ్యాకప్ వెళ్ళేది ప్రోగ్రామ్ ఫైల్స్ నుంచి. మారిన ఫైలు అందులో లేనే లేదు. ఇప్పుడు హ్యాష్ తీసి చూడు తమ్ముడూ, అక్షరం తేడా ఉండదు.

ఐటీ: ...ఒప్పుకుంటాను. కోడ్ మారలేదన్న నా వాదనకి అది సరైన దెబ్బే. కానీ దాన్ని పట్టుకోవడానికి ఏం కావాలో చూడండి. ప్రాసెస్ మానిటర్ పెట్టి, అడ్మిన్ కాని యూజర్‌తో ప్రోగ్రాము నడిపి, అది ఎక్కడెక్కడ రాస్తోందో చూస్తే అరగంటలో తేలిపోతుంది. మీ ఓక్యూ ప్రొటోకాల్ మొత్తం చేసినా ఇది దొరకదు. ఎందుకంటే అది చేసేవాడు ఒక్కడే, ఒకే ఐడీతో పొద్దున్నుంచీ సాయంత్రం దాకా చేస్తాడు. వాడి నకలు వాడికే కనిపిస్తుంది, అన్ని పేజీల్లోనూ పాస్ అని రాస్తాడు. మీరు చెప్పిన ఉదాహరణ రీక్వాలిఫికేషన్ కావాలని చెప్పడం లేదు. ఎక్కడ తేడా రావచ్చో తెలిసినవాడు అక్కడ చూడాలని చెబుతోంది.

క్యూఏ: తెలిసినవాడు! వర్చువల్‌స్టోర్ సంగతి నీకెలా తెలుసు? ఎవడో ఎక్కడో దెబ్బతిన్నాడు కాబట్టి. ఇంకా ఎవరూ దెబ్బతినని చోట ఎక్కడ చూడాలో ఎవరు చెబుతారు? కొత్త మెషీన్ డబ్బాలోంచి తీసినప్పుడు తేదీ అమెరికా పద్ధతిలో ఉంటుంది. మార్చడం మరిచిపోతే 04-05 అంటే మే 4 కాదు, ఏప్రిల్ 5. స్టెబిలిటీ శాంపిల్ ఎప్పుడు బయటికి తీయాలో చెప్పే ప్రోగ్రాముకి అది చిన్న సంగతా? ప్రొటోకాల్ మందబుద్ధిదే, కాదనను. కానీ అది తెలివైనవాడి జ్ఞాపకం మీద ఆధారపడదు. నువ్వు సెలవులో ఉన్నా పనిచేస్తుంది.

ఐటీ: తేదీ సంగతీ నా జాబితాలో చేరుస్తాను, తగాదా లేదు. కానీ మీరు ఒక పక్కే చూస్తున్నారు. రీక్వాలిఫికేషన్ బరువు వల్ల జరగకుండా ఆగిపోయిన పనుల లెక్క ఎవరు రాస్తున్నారు? 2017 మే 12న వానాక్రై అనే రాన్సమ్‌వేర్ వచ్చింది. ఇంగ్లండ్‌లో ఆసుపత్రులు రోగుల్ని వెనక్కి పంపాయి. మన పక్కన ఆంధ్రప్రదేశ్‌లో పోలీసుల కంప్యూటర్లకి కూడా సోకింది. 2020 అక్టోబరులో డాక్టర్ రెడ్డీస్ మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగితే డేటా సెంటర్లన్నిటినీ వేరుచేసి పెట్టుకోవాల్సి వచ్చింది. వాళ్ళ స్పుత్నిక్ వి టీకా ట్రయల్స్‌కి అనుమతి వచ్చి అప్పటికి వారమే. ఇవన్నీ చూశాక కూడా సపోర్టు లేని ఓఎస్ మీద యంత్రాలు నడపమంటే నేను నిద్రెలా పోవాలి?

క్యూఏ: వానాక్రైలో ఎక్కువగా దెబ్బతిన్నవి ఎక్స్‌పీ మెషీన్లు కావు, విండోస్ 7వి. అప్పటికి విండోస్ 7కి సపోర్టు ఉంది. ఆ రంధ్రాన్ని పూడ్చే ప్యాచ్ మార్చి 14నే వచ్చేసింది. కొత్త ఓఎస్ లేక కాదు, వచ్చిన ప్యాచ్ వేయక పోయాయి.

ఐటీ: ఎందుకు వేయలేదు మేడమ్?

క్యూఏ: నువ్వే చెప్పు.

ఐటీ: ప్రతి ప్యాచ్‌కీ ఒక చేంజ్ కంట్రోల్. ప్రతి చేంజ్ కంట్రోల్‌కీ ఇంపాక్ట్ అసెస్‌మెంటు, నాలుగు డిపార్టుమెంట్ల సంతకాలు. మైక్రోసాఫ్ట్ నెలకోసారి వదులుతుంది, మనం ఏడాదికోసారి వేస్తాం. ఆ మధ్య కాలమంతా తలుపు తెరిచే ఉంటుంది. వాలిడేటెడ్ స్టేట్ అంటూ మీరు కాపాడుతున్నది ఆ తెరిచిన తలుపుని.

(ఈ సంవాదంలో ఐటీ పక్షానికి ఇంతకు మించిన బలం లేదనుకుంటాను. భద్రత కోసం పెట్టిన తనిఖీయే భద్రతకి అడ్డుపడుతుంటే దానికి తేలిక జవాబు ఉండదు. క్యూఏ కూడా తేలిక జవాబు వెతకలేదు.)

క్యూఏ: అది నిజం. మా కఠినత్వమే కొన్ని మెషీన్లని ఎక్స్‌పీ దగ్గర కట్టేసింది. కానీ నువ్వు చెప్పే మందు కూడా పూర్తిది కాదు, అది కూడా చెప్పు. 2017 జూన్ 27న నాట్‌పెట్యా అనే మాల్‌వేర్ వచ్చింది, ఉక్రెయిన్‌లో లెక్కలు రాసుకునే ఒక సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ద్వారా. ప్యాచ్‌లన్నీ పడిన మెషీన్లలోకి కూడా మెమరీలో ఉన్న పాస్‌వర్డులు దొంగిలించి దూరింది. అమెరికా కంపెనీ మెర్క్‌లో గార్డసిల్ టీకా తయారీ దెబ్బతిని, ఆ దేశపు అత్యవసర నిల్వల నుంచి డోసులు అప్పు తెచ్చుకోవాల్సి వచ్చింది. కొత్త ఓఎస్ వేస్తే సరిపోతుందని నువ్వంటే, ఎడాపెడా అప్‌డేట్లు వేసుకోవడం కూడా ఒక దారేనని నాట్‌పెట్యా చూపించింది.

ఐటీ: దానికి విరుగుడు నెట్‌వర్క్ వేరు చేయడం. అది నేను చేస్తాను. కానీ వేరు చేసి ఎంతకాలం? మదర్‌బోర్డు పోతే ఎక్స్‌పీకి డ్రైవర్లున్న బోర్డు దొరకదు. హెచ్‌పీఎల్‌సీ పంపు నిక్షేపంలా ఉంటుంది, పక్కనున్న కంప్యూటర్ చచ్చిపోతుంది. విండోస్ 10కి డబ్బు కట్టి పొడిగించుకుందామంటే మొదటి ఏడాది మెషీనుకి 61 డాలర్లు, ఏటా రెట్టింపు, అదీ మూడేళ్ళే. ఆపైన? మన సంగతి సరే. మేడ్చల్ రోడ్డు మీద చిన్న యూనిట్లు ఉన్నాయి, మందుల తయారీ నియమాల్లో సవరించిన షెడ్యూల్ ఎం గడువు 2025 డిసెంబరు దాకా పొడిగిస్తే గాని ఊపిరి పీల్చుకోలేకపోయినవాళ్ళు. వాళ్ళకి వాలిడేషన్ కన్సల్టెంటుని పెట్టుకునే స్తోమత ఉందా? మీ నియమం వింటే వాళ్ళు రెండిటిలో ఒకటి చేస్తారు. పాత మెషీనే నడుపుతారు, లేదా మార్చేసి కాగితాలు తర్వాత పుట్టిస్తారు. రెండోది మీకు తెలియంది కాదు.

క్యూఏ: తెలుసు. "లైక్ ఫర్ లైక్" అని ఒక టిక్కు పెట్టేసి మూసేసిన చేంజ్ కంట్రోళ్ళు చూశాను. రిస్క్ స్కోరు ముందే అనుకుని, ఆ స్కోరు వచ్చేలా అంకెలు నింపినవీ చూశాను. అందుకే రిస్క్ చూసుకుని పరీక్ష తగ్గించుకోండి అన్న మాట వినడానికి బాగానే ఉన్నా నాకు గుండె దడ. ఆ అసెస్‌మెంట్ రాసేది, దానివల్ల పని తప్పేది ఒకడే అయితే స్కోరు ఎప్పుడూ తక్కువే వస్తుంది.

ఐటీ: రిస్క్ చూసుకోమన్నది నా సొంత మాట కాదు. ఎఫ్‌డీఏ వాళ్ళే సాఫ్ట్‌వేర్ అష్యూరెన్స్ పత్రం ముసాయిదా 2022లో ఇచ్చి, 2025 సెప్టెంబరులో ఖరారు చేశారు. ప్రమాదం తక్కువున్న చోట స్క్రిప్టు లేకుండా పరీక్షించినా చాలు, ఆలోచన ఏమిటో రాయండి అన్నారు.

క్యూఏ: ఆ పత్రం వైద్య పరికరాలు చేసేవాళ్ళ కోసం రాసింది, మనం టీకా చేస్తున్నాం. పోనీ దాని ఊపు మనకీ వర్తిస్తుందనుకో. అందులో కూడా చూడకుండా వదిలేయమని లేదు. నువ్వు మొదట్లో అన్నది తక్కువ పరీక్షిద్దామని కాదు. అప్లికేషన్ జోలికి ఎందుకు పోవాలన్నావు. నన్ను కలవరపెట్టింది ఆ మాట. ఎలక్ట్రానిక్ రికార్డుల మీద ఎఫ్‌డీఏ నిబంధన పార్ట్ 11లో వాలిడేషన్ ఎందుకో చెప్పే వాక్యంలో లెక్క సరిగ్గా రావాలన్నదొక్కటే లేదు. రికార్డు మారితే ఆ మార్పుని పసిగట్టగలగాలి అని కూడా ఉంది. ఆడిట్ ట్రయల్ సమయం ఎక్కడి నుంచి వస్తుంది? నీ విండోస్ గడియారం నుంచి. ఎవరు చేశారన్నది? నీ విండోస్ లాగిన్ నుంచి. మా రికార్డు నీ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ మీద నిలబడి ఉంది. గీత ఎక్కడ గీస్తావు?

ఐటీ: గడియారం మార్చే హక్కు అనలిస్టుకి లేకుండా చేయగలను, పాత విండోస్‌లో కన్నా కొత్తదాంట్లో గట్టిగా. డేటా ఇంటెగ్రిటీ కావాలంటే మీకు కొత్త ఓఎసే మేలు.

క్యూఏ: చేయగలవు. చేశావని ఎవరు చూస్తారు?

ఐటీ: ఇన్‌స్పెక్టర్ కోసమేనా ఇదంతా?

క్యూఏ: ఇన్‌స్పెక్టర్ని తేలిగ్గా తీసేయకు. 2022 మార్చిలో మన జీనోమ్ వ్యాలీకి కొవాక్సిన్ తయారీ తనిఖీకి డబ్ల్యూహెచ్‌ఓ వాళ్ళొచ్చారు. ఏప్రిల్ 2న ఐక్యరాజ్యసమితి సంస్థల ద్వారా కొవాక్సిన్ సరఫరా ఆపుతున్నామని ప్రకటించారు. టీకా పనిచేస్తుంది, భద్రత మీద అనుమానం లేదని అదే ప్రకటనలో చెప్పారు. అయినా జీఎంపీ (మంచి తయారీ పద్ధతుల) లోపాలు సరిచేసుకునే దాకా సరఫరా లేదు. అది కంప్యూటర్ల గురించి కాదు, నేను కలిపి చెప్పడం లేదు. సరుకు మంచిదైనంత మాత్రాన సరిపోదు, మంచిదని చూపించగలగాలి అన్నది ఈ వ్యాపారం పద్ధతి. సాఫ్ట్‌వేర్‌కి వేరే పద్ధతి ఎక్కడి నుంచి వస్తుంది?

ఐటీ: చూపించడమంటే మందంగా చూపించడమా? సరే, నాకు చేతకానిదేమిటో నేను ఒప్పుకుంటాను. ఏ ఫైలు ఎక్కడ రాస్తోందో నేను చూడగలను. ఏ అంకె తప్పితే బ్యాచ్ చెడుతుందో నాకు తెలియదు. అది మీ క్యూసీ ల్యాబ్ వాళ్ళకి తెలియాలి. వాళ్ళనడిగితే పాత ప్రొటోకాల్ తీసి నా చేతిలో పెడుతున్నారు. ఆ ప్రొటోకాల్ రాసినాయన ఎప్పుడో మానేశాడు. సాఫ్ట్‌వేర్ అమ్మిన కంపెనీని ఇంకో కంపెనీ కొనేసింది, ఈ వెర్షన్ మా దగ్గర లేదంటున్నారు. అసలు ఈ ప్రోగ్రాము ఏం చేయాలని మనం కోరుకున్నామో రాసిన యూఆర్‌ఎస్ ఎక్కడుంది?

క్యూఏ: ఉంది. రెండు పేజీలు. "సాఫ్ట్‌వేర్ యూజర్ ఫ్రెండ్లీగా ఉండవలెను" అని ఉంది అందులో.

ఐటీ: మరి దేనికి క్వాలిఫై చేయమంటారు?

క్యూఏ: ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. కానీ నువ్వు చెప్పింది నా వైపే వస్తుంది కదా. ఏం కోరుకున్నామో ఎవరికీ గుర్తులేని ప్రోగ్రాముని చూడకుండా కొత్త మెషీన్ ఎక్కిస్తే, తప్పు చేస్తోందో లేదో కనిపెట్టేవాడే ఉండడు. గుర్తు తెచ్చుకోవడానికి మనకి మిగిలిన సందర్భం రీక్వాలిఫికేషన్ ఒక్కటే.

ఐటీ: లేదా వదిలించుకోవడానికి. కొత్త వెర్షన్ కొందాం, దానికి మీకు కావలసినంత వాలిడేషన్ చేద్దాం, పాతదాన్ని మూసేద్దాం.

క్యూఏ: పాత డేటా?

ఐటీ: పీడీఎఫ్‌లు తీసి పెట్టుకుందాం.

క్యూఏ: కుదరదు. అమెరికా నిబంధన 211.180 ప్రకారం బ్యాచ్ రికార్డు ఎక్స్‌పైరీ దాటాక కనీసం ఏడాది ఉండాలి. ఇలాంటి యంత్రాల ఎలక్ట్రానిక్ రికార్డుని కాగితం మీద ప్రింటు తీస్తే అందులో ఉన్నదంతా రాదని ఎఫ్‌డీఏ 2018 డిసెంబరులో స్పష్టంగా చెప్పింది. ఇంటిగ్రేషన్ ఎలా చేశారో బేస్‌లైన్ లాగి చూడగలగాలి. ఆ ఫైళ్ళు తెరుచుకునేది ఈ పాత వెర్షన్‌లోనే.

ఐటీ: అంటే పాతదాన్ని బతికించాలి. అయితే ఆ డేటానే మన పరీక్ష చేసుకుందాం. పాత క్రొమాటోగ్రామ్‌లు కొన్ని కొత్త విండోస్ మీద తెరిచి, మళ్ళీ ప్రాసెస్ చేసి, అప్పట్లో సంతకాలు పడిన ప్రింటుతో పోలుద్దాం. ఏరియా అదే రావాలి, రిటెన్షన్ టైమ్ అదే రావాలి. రెండు రోజుల పని.

క్యూఏ: అది మంచి ఆలోచన. ఎవరు ఎంచుతారు ఆ కొన్ని? అన్నీ అందమైన పీకులున్నవే తెస్తే లాభం లేదు. చేత్తో ఇంటిగ్రేట్ చేసినవి, ఫెయిలైనవి, రాత్రి కరెంటు పోయి మధ్యలో ఆగినవి కావాలి. పైగా మళ్ళీ ప్రాసెస్ చేశావంటే సంతకం పడిన రికార్డు ఆడిట్ ట్రయల్‌లో ఇవాళ్టి తేదీతో కొత్త ఎంట్రీ పడుతుంది. రేపు దాన్ని ఎవరికని వివరించను?

ఐటీ: నకలు మీద చేద్దాం.

క్యూఏ: నకలు రెండు చేయి. ఒకటి కొత్త ఓఎస్ మీద, ఒకటి పాతదాని మీద. రెండూ పక్కపక్కన నడవాలి, క్యూసీ అమ్మాయి ఎదురుగా.

ఐటీ: పాత ఓఎస్‌ని నెట్‌వర్క్‌లోకి తేను. ఫైళ్ళు పెన్‌డ్రైవ్‌లో మోయాలి. పెన్‌డ్రైవ్‌లు వాడకూడదని మీ ఎస్‌ఓపీ.

క్యూఏ: ఎస్‌ఓపీ తప్పినందుకు డీవియేషన్ నేను రాస్తాను. కారణం అన్న కాలమ్‌లో ఏం రాయాలో నువ్వు చెప్పు.